ఫ్రిజ్జులో పెట్టిన ఆవకాయ

ఏ వస్తువు ఎక్కడుండాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నేను చాలాకాలం నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగుండేది. కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి కూడా.

తప్పంతా నాదే అనడానికి లేదు, కొంత ఉద్యోగానిది. విశాఖపట్నం పోర్టు స్టోర్స్‌లో గుమాస్తాగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బోల్టులు, బేరింగులు, కన్వేయర్ బెల్టులు, మోకులు, గ్రీజు డబ్బాలు, ఇలా వేల రకాల సామాను. ప్రతిదానికీ ఒక రాక్, రాక్‌లో ఒక అర, అరకి ఒక బిన్ కార్డు. అంటే ఆ అరలో ఏముందో ఎంతుందో రాసి వేలాడదీసిన అట్టముక్క. పదేళ్ళు ఆ అట్టముక్కల మధ్య తిరిగాక నాకు ఇంట్లో ఉప్పుడబ్బా కనిపించినా దాని మెడలో ఒక కార్డు లేదే అనిపించేది. మా ఆవిడ గరిటె ఒకచోట పెడితే నేను తీసి ఇంకోచోట పెట్టేవాణ్ణి. ఆవిడ వెతుక్కునేది. వెతుక్కుంటుంటే, చూశావా, పద్ధతి లేకపోతే ఇంతే అని చెప్పేవాణ్ణి.

స్టోర్స్‌లో నేను మహా పట్టుదలగా ఉండే విషయం ఒకటుండేది. చెమ్మ. సముద్రం పక్కన ఊరు, గాలిలోనే ఉప్పూ నీళ్ళూ ఉంటాయి. వెల్డింగు రాడ్లకి చెమ్మ తగిలితే అతుకు నిలవదు. అందుకని వాటిని వెచ్చటి పెట్టెలో పెట్టి ఉంచేవాళ్ళం. అలాగే ఏసీ గదిలో ఉండే కొలత సామాను ఎవరైనా తీసుకెళ్ళడానికి వస్తే, వాళ్ళకి నా ఉపన్యాసం వినకుండా వెళ్ళే దారి లేదు. చల్లటి వస్తువుని ఒక్కసారిగా బయటి గాలిలోకి తెస్తే దానికి చెమట పడుతుంది, వెంటనే విప్పకండి, ఒక గంట అలా ఉంచి విప్పండి అని చెప్పేవాణ్ణి. నా అంతవాడు లేడని వాళ్ళు అనుకుంటున్నారనుకునేవాణ్ణి. సంతకం పెట్టి ఎప్పుడు బయటపడదామా అనుకునేవారని తర్వాత తెలిసింది.

అలాంటి నా ఇంటికి ఎనభైల మధ్యలో ఒక ఫ్రిజ్జు వచ్చింది.

పోర్టు క్వార్టర్సులో మా వరసకంతటికీ అదే మొదటి ఫ్రిజ్జు. దాన్ని వంటింట్లో పెడితే ఎవరికి కనిపిస్తుంది? ముందుగదిలో పెట్టాం. నెత్తిన లేసు గుడ్డ, దాని మీద స్టెబిలైజరు, స్టెబిలైజరు మీద ఇంకో లేసు గుడ్డ. ఆ రోజుల్లో ఫ్రిజ్జుకి తాళం ఉండేది. తాళం అంటూ ఉన్నాక వెయ్యకపోతే ఎలా? మొదటి మూడు రోజులూ తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని డ్యూటీకి వెళ్ళాను. మూడో రోజు సాయంత్రం మా ఆవిడ చాలా మర్యాదగా అడిగింది. "ఏవండీ, పాలు కూడా మీతోపాటు డ్యూటీకొచ్చాయా?" అని. నాలుగో రోజునుంచి తాళంచెవి ఇంట్లో మేకుకి వేలాడింది.

పాలూ పెరుగూ కూరలూ పెడితే ఫ్రిజ్జు సగమే నిండింది. ఖాళీ అర కనిపిస్తే నాకు నిద్రపట్టదు. జీలకర్ర పెట్టాను. చింతపండు పెట్టాను. మా అమ్మ ఊరినుంచి పంపిన చెక్కలు పెడితే అవి మెత్తబడి తోలుముక్కల్లా సాగాయి. వానాకాలం అగ్గిపెట్టెలు నెమ్ము ఎక్కుతున్నాయని వాటినీ పెట్టాను. ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించడానికి పక్కింటినుంచి అగ్గిపెట్టె తెచ్చుకున్నాం. అయినా నా విశ్వాసం చెక్కుచెదరలేదు. తప్పు అగ్గిపెట్టె తయారుచేసినవాడిదని తేల్చాను.

మా ఆవిడది గోదావరి వైపు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో మా మామగారు పనికోసం వచ్చి దువ్వాడ దగ్గర స్థిరపడిపోయారు. మాది పెందుర్తి దాటాక ఒక పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్ళై ఆరేళ్ళైనా మా ఊళ్ళో ఆవిణ్ణి గోదారి పిల్లనే అనేవారు. మంచిగానే అనేవారు, పీట వేసి కూర్చోబెట్టేవారు, కాఫీ చేతికిచ్చేవారు. కానీ వంటింట్లో పెద్ద పని దేనికీ చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. చుట్టాన్ని చూసినట్టు చూసేవారు. అది ఆవిడకి ఎంత బాధో నాకు తెలియదు, ఎందుకంటే ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

మా ఇళ్ళల్లో పెద్ద పని అంటే ఆవకాయ. ఏటా మా అమ్మే పెట్టేది, మాకూ మా అక్కకీ పంచేది. మా అమ్మది మా వైపు పద్ధతి. ముక్కలు ఎండబెట్టి, బెల్లం వేసి, నూనె పొదుపుగా పోసి పెడుతుంది. ఆ ఏడు మాఘంలో నూతి దగ్గర జారిపడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా చేతికి పట్టు రాలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు గోనెసంచెడు కాయల్తో మా క్వార్టర్సుకి వచ్చి, పీట మీద కూర్చుని, ఈసారి నువ్వు పెట్టమ్మా అంది మా ఆవిడతో.

మా ఆవిడ ముఖం ఆ క్షణంలో ఎలా ఉందో నాకు బాగా గుర్తుంది. పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

మీ పద్ధతిలో పెట్టనా, మా పద్ధతిలో పెట్టనా అని అడిగింది. నీకొచ్చినట్టు పెట్టమంది మా అమ్మ. తెల్లారకముందే లేచి తలంటుకుని మొదలుపెట్టింది. ఒక్కొక్క ముక్కనీ పొడిగుడ్డతో తుడిచింది. జీడి తీసింది, పొర తీసింది. ఆవపిండి తనే కొట్టుకుంది. వెల్లుల్లీ శనగలూ వేసింది. ముక్కల పైన నూనె తేలేదాకా పోసింది. మా అమ్మ చూస్తూ కూర్చుని, గోదారోళ్ళు నూనెకి మొగమాటపడరని మాత్రం అంది. మూడో రోజు తిరగకలిపాక నాలిక చివర వేసుకుని చూసి తల ఊపింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చెప్పింది.

"పెట్టడం ఎవులైనా పెడతారమ్మా. నిలబడాల. సావనంలో వొత్తాను. నిలబడితే, మా కోడలెట్టిందని ఇంటింటికీ నానే పట్టికెల్తాను."

మా వైపు ఆవకాయ బాగుందంటే కారం బాగుందని కాదు, ఉప్పు బాగుందని కాదు. చెయ్యి మంచిదని. పాడైందంటే చెయ్యి మంచిది కాదని. ఆ చెయ్యి తర్వాత శుభకార్యాలప్పుడు గుర్తుకొస్తుంది. మా ఆవిడకి ఇదంతా తెలుసు. జాడీ మూతికి రెండు మడతల గుడ్డ వాసెన కట్టి, వంటింట్లో చెక్క అలమరా కింది అరలో, గోడకి తగలకుండా పెట్టింది. పోర్టునుంచి వచ్చే ఎర్రటి ఖనిజం దుమ్ము మా ఇళ్ళల్లో అన్నిటిమీదా పేరుకునేది. ఆ జాడీ మీద మాత్రం ఎప్పుడూ పేరుకోలేదు. రోజుకి రెండుసార్లు తుడిచేది.

ఆషాఢంలో మా అత్తగారికి కంటి ఆపరేషనైతే మా ఆవిడ మా చిన్న అమ్మాయిని తీసుకుని పది రోజులకి దువ్వాడ వెళ్ళింది. వెళ్ళేముందు నాకు చిన్న సీసాలో ఆ పది రోజులకీ సరిపడా ఆవకాయ తీసిపెట్టి, జాడీ జోలికి వెళ్ళొద్దని రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. వస్తువులు భద్రపరచడం గురించి నాకు చెప్పడమా?

ఆవిడ వెళ్ళిన రెండో రోజు వాన పట్టుకుంది. చెక్క అలమరా తలుపులు ఉబ్బి సరిగా పడటం లేదు. గోడకి చెయ్యి వేస్తే తడి తగిలింది. నాలోని స్టోర్స్ గుమాస్తా లేచి కూర్చున్నాడు. ఏడాదికి సరిపడే సరుకు, అంత కష్టపడి పెట్టింది, ఈ నెమ్ములో ఉంచడం ఏం పద్ధతి? ఇంట్లో ఫ్రిజ్జుండగా! మా ఆవిడ తిరిగొచ్చి చూసి, మీకెంత ముందుచూపండీ అంటుందని కూడా ఊహించుకున్నాను. ఆవిడ ఆరేళ్ళలో ఎప్పుడూ ఆ మాట అనలేదు. అయినా ఊహకి అడ్డేముంది?

జాడీ ఫ్రిజ్జులో పట్టలేదు. అర తీసి చూశాను, పడుకోబెట్టి చూద్దామా అని కూడా ఆలోచించాను. చివరికి ఇంట్లో ఉన్న జాం సీసాలు, పాలపొడి సీసాలు అన్నీ కడిగి తువ్వాలుతో తుడిచాను. ఆ తువ్వాలుతోనే పొద్దున్న నేను ఒళ్ళు తుడుచుకున్నానన్న సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. తొమ్మిది సీసాలయ్యాయి. ఒక్కొక్కదానికీ అట్టముక్క కట్టి ఆవ-ఒకటి, ఆవ-రెండు అని రాశాను. నింపిన తేదీ కూడా వేశాను. సీసాలు వరసగా నిలబెట్టి తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి నాలుగుసార్లు చూసుకున్నాను.

చూసుకుంటే తృప్తి తీరలేదు. పక్క క్వార్టరులో ఉండే మా సెక్షన్ మనిషిని పిలిచి చూపించాను. వరసకి ఏమీ కాకపోయినా మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు బావా అనుకునేవాళ్ళం. అతను వంగి చాలాసేపు చూశాడు.

"ఏటి బావా, ఊరగాయకి కూడా ఉక్కపోత్తదా?" అన్నాడు.

జ్ఞానం లేనివాళ్ళతో వాదించడం దండగని ఊరుకున్నాను. ఆవిడ తీసిపెట్టిన సీసా వదిలేసి, పూటపూటా భోజనానికి ఫ్రిజ్జులోంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టుకుని, మూత తీసి, పేపరు చదువుకుంటూ తాపీగా తిని, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. బయటికి తియ్యగానే సీసాకి చెమట పట్టేది. గుడ్డతో తుడిచేవాణ్ణి. పైన పట్టిన చెమట మూత లోపల కూడా పడుతుందనీ, చల్లటి ఆవకాయ మీద బయటి గాలి నీళ్ళై దిగుతుందనీ నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. పదేళ్ళుగా పదిమందికి చెప్పిన పాఠమే అది. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందని ఊరికే అనలేదు.

ఏడో రోజు పెనుగాలికి ఎక్కడో తీగలు తెగి ఒకటిన్నర రోజు కరెంటు లేదు. ఐసు కరిగి పై అరనుంచి కింది అరకి బొట్టు బొట్టుగా కారింది. నా సీసాల మూతలు, చెప్పొద్దూ, ఒకదానిది ఒకదానికి పెట్టినవి, అన్నీ సరిగ్గా బిగిసినవి కావు. అప్పుడు మొదటిసారి భయం వేసింది. ఎవరికైనా చెప్పాలనిపించలేదు, ఆవిడ రాకముందే సర్దెయ్యాలనిపించింది. తొమ్మిది సీసాలూ తిరిగి జాడీలోకి వంచేసి, గరిటెతో అదిమి, పైన నూనె తేల్చి, వాసెన కట్టి, అలమరా కింది అరలో యథాస్థానంలో పెట్టాను. అట్టముక్కలు పొయ్యిలో వేశాను.

మా ఆవిడ వచ్చి జాడీ తుడుస్తూ, కట్టు మారిందేమిటండీ అని అడిగింది. గుడ్డకి దుమ్ము పట్టిందని మార్చానన్నాను. పోనీలే, పట్టించుకున్నారని నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా నోరు విప్పలేదు నేను. ఏమీ కాదులే, ఉప్పు ఉందిగా, కారం ఉందిగా అనుకున్నాను.

శ్రావణం రాగానే, అన్న ప్రకారం మా అమ్మ వచ్చింది. సంచిలో ఇంటికొకటి చొప్పున చిన్న చిన్న గిన్నెలు తెచ్చింది. మా ఆవిడ స్నానం చేసి, జాడీ తీసి, వాసెన విప్పింది. నేను ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు పేపర్లో ఏముందో నన్నడగొద్దు. కాసేపటికి వంటింట్లో మాటలు ఆగిపోయాయి. వెళ్ళి చూశాను. నూనె మీద తెల్లగా బూజు తెట్టు కట్టింది. మా ఆవిడ గరిటెతో పక్కకి తీసి చూస్తోంది. కింద కూడా ఉంది. ఇంకా కిందకి వెళ్ళింది. అడుగుదాకా ముక్కలు మెత్తబడిపోయాయి, పులిసిన వాసన వేసింది.

మా అమ్మ నాలుగు మాటలు అంటే బాగుండేది. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి సంచిలో సర్దుకుంది. అంటు రోజుల్లో గానీ ముట్టుకున్నావా అని మెల్లగా అడిగింది. లేదత్తయ్యగారూ అంది మా ఆవిడ. తడి గరిటె? లేదండి. ముక్కలు ఆరాయా? ఆరాయండి, మీరు చూశారు కదండీ. అయితే ఇంకేటుందమ్మా, అంది మా అమ్మ. ఇంకేముందో ముగ్గురికీ అర్థమైంది. అందులో ఒకడికి ఆ అర్థం తప్పని కూడా తెలుసు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అంతటితో ఆగినా కొంత మర్యాద దక్కేది. కానీ నేను మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, పోనీలే, మొదటిసారి కదా, వచ్చే ఏడు జాగ్రత్తగా పెడుదువుగాని అన్నాను. ఇప్పటికీ ఈ మాట గుర్తొస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది. ఆవిడ నాకేసి కృతజ్ఞతగా చూసింది.

మా అమ్మ ఖాళీ గిన్నెలతో బస్సెక్కింది. పెరట్లో మునగచెట్టు కింద గొయ్యి తీసి ఆవకాయంతా పోసి కప్పెట్టాం. గొయ్యి నేనే తీశాను. అంత శ్రద్ధగా మా ఇంట్లో నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. ఒక మునగమొక్క పాతడానికి కూడా అంత లోతు తియ్యనక్కర్లేదంది ఆవిడ.

మూడు వారాలు గడిచాయి. చెప్పాలని రోజూ అనుకునేవాణ్ణి. పొద్దున్న కాఫీ దగ్గర చెబుదామనుకుని సాయంత్రానికి వాయిదా వేసేవాణ్ణి, సాయంత్రం అలసిపోయి వచ్చాననేవాణ్ణి. ఆవిడ ఎప్పుడైనా పనిలో ఆగి, ఉప్పు తక్కువైందంటారా అని అడిగితే, నేను ఉప్పు గురించి పావుగంట మాట్లాడేవాణ్ణి. గాలిలో తేమ గురించి మాట్లాడేవాణ్ణి. ఫ్రిజ్జు గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడేవాణ్ణి. నిజం చెప్పాలంటే నేను భయపడింది ఆవిడ కోపానికి కాదు. ఏ వస్తువు ఎక్కడుండాలో నాకు తెలియదని ఇంట్లో తెలిసిపోతుందేమోనని. ఆ సంగతి ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలుసు. నాకొక్కడికే తెలియదు.

ఇంతలో మా అక్క కూతురి పెళ్ళి కుదిరింది. అక్కని ఇచ్చిందీ మా ఊళ్ళోనే. పందిరి రాటల సంగతి చూడటానికి ఒక ఆదివారం నేనొక్కణ్ణీ ఊరెళ్ళాను. నేను వెళ్ళేసరికి మా అమ్మా, అక్కా అరుగు మీద కూర్చుని పసుపు కొట్టడానికి ఎవరెవరిని పిలవాలో అనుకుంటున్నారు. పెళ్ళిపనులు పసుపు కొట్టడంతోనే మొదలు. అయిదుగురు ముత్తైదువుల్లో మేనమామ భార్య ఉండాలి, మా ఇళ్ళల్లో అది ఆనవాయితీ. మా అక్క నలుగురి పేర్లు చెప్పి ఆగింది. మా ఆవిడ పేరు చెప్పలేదు. నాకేసి ఒకసారి చూసి తల దించుకుంది. మా అమ్మే చెప్పింది, నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా. పెళ్ళి కదరా, అనుమానం ఎందుకు, ఒంట్లో బాగోలేదని బయటివాళ్ళకి చెబుదాం, దానికి మాత్రం సర్ది చెప్పుకునే బాధ్యత నీది అంది.

మా ఆవిడకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించాను, అంత నీచుణ్ణి. రాటలకి గోతులు ఎక్కడ తియ్యాలో చూద్దామని గునపం పట్టుకుని వాకిట్లోకి వెళ్ళినవాణ్ణి, దాన్ని అక్కడే పడేసి మళ్ళీ అరుగు దగ్గరికి వచ్చాను.

"అమ్మా, ఊరగాయ దాని సెయ్యి వల్ల పోనేదే. నానే తీసి ఫ్రిజ్జులో ఎట్టాను," అన్నాను.

మిగిలినదంతా కూడా చెప్పాను. సీసాలు, తువ్వాలు, కరెంటు, తిరిగి జాడీలో వంచడం, అన్నీ. మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. మా అమ్మ విరిగి అతుక్కున్న మణికట్టుని ఎడంచేత్తో రాసుకుంటూ కూర్చుంది.

"మూడు వారాలు నోట్లో ఏటెట్టుకున్నావురా?" అంది చివరికి.

మా అమ్మ లేచి నిలబడింది.

"నాకు సెప్తే సాలదు. కోడలి సెయ్యి మంచిది కాదని నాను ఈధంతా సెప్పీసేను. ఇప్పుడు నువ్వెల్లు. నాను గిన్నె పట్టికెళ్ళాల్సిన ప్రెతీ ఇంటికీ ఎల్లి సెప్పు."

పద్నాలుగు ఇళ్ళు. నా జీవితంలో అంత పొడవైన వీధి ఎప్పుడూ నడవలేదు. మొదటి ఇంట్లో మా పెద్దమ్మకి ఫ్రిజ్జంటే ఏమిటో ముందు చెప్పాల్సివచ్చింది. చల్లటి బీరువా అన్నాను. అయితే ఊరగాయకి జొరమొచ్చిందా బాబూ అని అడిగింది నిజంగా తెలియక. రెండో ఇంట్లో గడపదాటకుండానే నవ్వులు. మూడో ఇంట్లో ఒక ముసలాయన, నిన్ను నమ్మి పోర్టోళ్ళు సామానంతా ఒప్పజెప్పేరా అని ఆశ్చర్యపోయి, పాపం పోర్టు అన్నాడు. అయిదో ఇంటికొచ్చేసరికి నాకంటే ముందే నా కథ వెళ్ళిపోయింది. నేను గుమ్మంలో నిలబడగానే, ఫ్రిజ్జు బావ వచ్చేడు రండర్రా అని లోపలికి కేక వేశారు. ఎనిమిదో ఇంట్లో నాకు కుర్చీ వేసి, మొదట్నుంచీ చెప్పమన్నారు. తువ్వాలు దగ్గర మళ్ళీ చెప్పించుకున్నారు. పద్నాలుగో ఇంటికి నేనే కథకి మెరుగులు దిద్దడం మొదలుపెట్టాను. చెప్పొద్దూ, కొంచెం హుషారుగానే ఉంది. తప్పు ఒప్పుకోవడం ఇంత తేలికని తెలిస్తే ఇన్నాళ్ళు ఎందుకు దాచేవాణ్ణి అనుకున్నాను. మా అక్క ఎదురొచ్చి పసుపు బుధవారం కొడుతున్నామనీ, మరదల్ని ముందురోజే పంపమనీ చెప్పింది.

బస్సులో వస్తున్నంతసేపూ ఇంటికెళ్ళి ఎలా చెప్పాలో మనసులో అభ్యాసం చేసుకున్నాను. ముసలాయన గొంతు, పెద్దమ్మ గొంతు, అన్నీ. మా ఆవిడ పడీ పడీ నవ్వుతుందని నమ్మకం. ఇంటికి వచ్చేసరికి ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను. ఫ్రిజ్జు దగ్గర తలుపు తీసి మరీ అభినయించాను. ఊరగాయకి జొరం, పాపం పోర్టు, ఫ్రిజ్జు బావ, అన్నీ చెప్పాను. చివర్న, నీ చేతిదేం తప్పు లేదని ఊరంతటికీ చాటి వచ్చాను, బుధవారం పసుపు కొట్టాల్సింది నువ్వే అని ముగించి, నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డాను.

ఆవిడ నవ్వలేదు. చేతిలో బియ్యం చేటలో వదిలేసింది.

"ఊళ్ళో అందరికీ చెప్పారా అండీ?" అంది.

అందరికీ అన్నాను. అత్తయ్యగారికి కూడానా అని అడిగింది. ముందు ఆవిడకే చెప్పానన్నాను, గొప్పగా.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా పక్కకి జరిపి దాని వెనకనుంచి ఏదో తీసింది. అరచేతిలో ఇమిడే చిన్న గాజు సీసా. మూతికి గుడ్డ ముక్క కట్టి ఉంది. విప్పి నాకు చూపించింది. లోపల నాలుగు నిమ్మకాయల ముక్కలు, ఉప్పూ కారంలో ఊరుతున్నాయి.

"అత్తయ్యగారు వెళ్ళిన మర్నాడు పెట్టానండి. మీకు తెలియకుండా పెట్టాను. రోజూ పొద్దున్నే తీసి చూసుకుంటున్నాను, నా చెయ్యి నిజంగానే మంచిది కాదేమోనని."

రోజూ పొద్దున్నే నేను ముందుగదిలో కాఫీ తాగుతూ పేపరు చదివేవాణ్ణి. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకి అవతల ఆవిడ ప్రతిరోజూ ఈ సీసా తీసి వెలుతురులో పెట్టి చూసుకుంది. ఒక్క మాటతో ఆ భయం పోయేది. ఆ మాట నేను పద్నాలుగు ఇళ్ళల్లో చెప్పి, పదిహేనో ఇంటికి, నా ఇంటికి, నవ్వుకుంటూ తెచ్చాను.

క్షమించమని అడగాలని కూడా నాకు తోచలేదు. సీసాలోకి తొంగి చూసి, బూజు పట్టలేదుగా అన్నాను.

"పట్టలేదండీ," అంది. ఆవకాయ జాడీ విప్పిన రోజు ఏడవని మనిషి ఆ సీసాని రెండు చేతుల్తో పట్టుకుని అప్పుడు ఏడ్చింది.